ఒకటో పేరు, రెండో పేరు

హెడ్డాఫీసు, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్
మార్చి 4

పిచ్చుకా,

నీ ఉత్తరం శుక్రవారమే తపాలు సంచిలో వచ్చింది. జవాబు ఆలస్యం కావడానికి నువ్వే కారణం. వారం రోజులుగా సీనియర్ అసిస్టెంట్ల సీనియారిటీ లిస్టు టైపు చేస్తున్నాను. శుభవార్త విను. పైవాళ్లంతా ప్రమోషన్లు పుచ్చుకుని వెళ్లిపోయారు, ఈ ఏడాది ఒకటో పేరు నీది. రెండోది ఎవరిదో చెప్పక్కర్లేదు. పదహారేళ్లుగా మనిద్దరం ఆ లిస్టులో కలిసే పైకి జరుగుతున్నాం, నువ్వు ఒక మెట్టు పైన, నేను ఒక మెట్టు కింద. ఇంట్లో చూస్తే నేను నీ పెద్దమ్మ కూతుర్ని, నాలుగేళ్లు పెద్దదాన్ని, నీకు జడలు వేసినదాన్ని. ఆ కాగితం మీద మాత్రం నువ్వే నాకు అక్కవి.

మా సూపరింటెండెంటు డిసెంబరులో రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది. తలపైన సొంత ఫ్యాను, వెనక తాళం వేసుకునే బీరువా. పదకొండేళ్లుగా ఆ కుర్చీకి ఎదురుగా కూర్చుని ఫైళ్లు అందిస్తున్నాను. ఇక మీదట నీకు అందిస్తాను. అప్పుడు నిన్ను పిచ్చుకా అనాలో మేడమ్ అనాలో ఇప్పుడే చెప్పేస్తే అలవాటు చేసుకుంటాను.

సరదాకే అన్నాను, మొహం మాడ్చుకోకు.

మా డిస్పాచ్ గుమాస్తా ఇవాళ కూడా నవ్వాడు. ఈ కాలంలో ఉత్తరాలు రాసుకునేది మీ అక్కచెల్లెళ్లేనమ్మా అంటాడు. మీ కొండ మీద ఫోను పలకదని ఎన్నిసార్లు చెప్పినా అతనికి ఎక్కదు. నవ్వుతూనే మన కవరును కూడా రిజిస్టరులో ఎక్కిస్తాడు, 'వ్యక్తిగతం, ఒకటి' అని. సంచిలో పోయేది చీమైనా సరే నమోదు కావాలట.

ఇంకొకటి. టీకా ఆర్డరు వచ్చింది. నీటి సరఫరా శాఖలో అందరూ, బోర్డులో పెట్టిన రోజు నుంచి ముప్పై రోజుల్లో టీకా వేయించుకుని సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వనివాళ్లను గేటు లోపలికి రానివ్వరు, రాని రోజులు సర్వీసులోకి లెక్కకు రావు. టైపు చేసేది నేనే. పేపరు పొదుపు కాబట్టి బ్రాంచికి ఒక్క కాపీనే వస్తుంది.

నీ అక్క


కొండ మీది పంపింగ్ స్టేషన్
మార్చి 17

అక్కా,

మేడమ్ అని పిలిస్తే తపాలు సంచిలో కూర్చుని వచ్చి నీతో పోట్లాడతాను.

నీ ఆర్డరు చేరింది. మా అటెండరు బంక తాత మొన్న దాన్ని నోటీసు బోర్డుకు అతికించాడు. నువ్వు ఇక్కడ పనిచేసిన రోజుల్లో ఎలా అతికించేవాడో ఇప్పుడూ అంతే. నాలుగు మూలలా రాస్తే చాలదట, కొండగాలికి ఊడిపోతుందట. కాగితం నిండా బంక పూసి, అరచేత్తో రుద్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. ఆయన పోయాక ఆ బోర్డు మీది కాగితాలు ఉలితో చెక్కాలి.

ఇప్పుడు నా గోడు విను. నిన్న క్యాంపు పెట్టి అందరికీ వేశారు, నేనే మిగిలాను. భయపడి కాదు. ఐదేళ్ల కింద జ్వరానికి సూది వేస్తే నేను ఊపిరాడక పడిపోవడం నీకు గుర్తుంది కదా, పెద్దమ్మా నువ్వూ ఆసుపత్రిలో మూడు రోజులు నా మంచం పక్కనే ఉన్నారు. ఆ కాగితాలు చూసి ఇక్కడి డాక్టరమ్మ ఆగమంది. పెద్దాసుపత్రిలో అలర్జీ పరీక్ష చేయించుకుని, అక్కడే, వాళ్ల కళ్ల ముందే వేయించుకోవాలట. ఆ పరీక్షకు జూన్ దాకా తేదీ లేదు. ఇదంతా ఉత్తరంగా రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

ఆ ఉత్తరం పట్టుకుని ఏం చేయాలి? బోర్డు మీది ఆర్డరు నాలుగుసార్లు చదివాను. వేయించుకోవాలి, లేకపోతే రాకూడదు, అంతే ఉంది. మా ఇంజనీరు సారు వచ్చి రెండు వారాలే అయింది. నీకు తెలిసినంతే నాకూ తెలుసమ్మా అన్నాడు. నువ్వు ఆ సెక్షన్‌లోనే ఉన్నావు. నాలాంటివాళ్లకు దారి ఏదైనా ఉందా? ఒక్క ముక్క రాయి.

నీ పిచ్చుక


హెడ్డాఫీసు
మార్చి 22

బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి ప్రాణం ఉసూరుమంది. ఆరోగ్యం కంటే ఏదీ ఎక్కువ కాదు. డాక్టరమ్మ చెప్పినట్టే విను, తొందరపడి ఎక్కడబడితే అక్కడ వేయించుకోకు.

ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా నీ దగ్గరే ఉంచుకో. ఇప్పుడే పంపకు. హెడ్డాఫీసు సంగతి నీకు తెలుసు, ఇక్కడికి వచ్చిన కాగితం మళ్లీ కంటికి కనబడదు. వాళ్లే అడుగుతారు, అడిగినప్పుడు చూపిద్దువుగాని. జూన్ ఎంతలో వస్తుంది?

వేళకు తిను. చలిగా ఉంటే నేను అల్లిన స్వెట్టరు వేసుకో.

ప్రేమతో,
అక్క


కొండ మీది పంపింగ్ స్టేషన్, గేటు బయట
ఏప్రిల్ 20

అక్కా,

గేటు బయట అని సరదాకు రాయలేదు. ఆరు రోజులుగా వాచ్‌మన్ గది ముందు బెంచీ మీద కూర్చుంటున్నాను. వాచ్‌మన్ రోజూ తల వంచుకుని, మిమ్మల్ని రానివ్వొద్దన్నారమ్మా అంటాడు. హాజరు పట్టీలో నా పేరుకు ఎదురుగా ఎర్రగీత కొట్టారు.

డాక్టరమ్మ ఉత్తరం చూపించాను. ఇంజనీరు సారు దాన్ని మీ ఆఫీసుకు పంపాడు. 'గడువు దాటినందున పరిశీలించబడదు' అని మూడు పదాల జవాబు వచ్చింది. ఏ గడువో, ఎవరు పెట్టారో, మాకెవరికీ తెలియదు. జూన్‌లో టీకా వేయించుకుని తిరిగి చేరినా, ఈ మధ్య రోజులు సర్వీసులో ఉండవట. ఆ మేరకు సీనియారిటీలో కిందికి దిగాలట. అంటే నువ్వు ఒకటి, నేను రెండు. ఆ కుర్చీ నీదే అవుతుంది. నీకు దక్కితే నాకు ఏడుపేమీ లేదక్కా, నిజంగా. కానీ తప్పు చేయకుండా పదహారేళ్ల సర్వీసుకు మచ్చ పెట్టించుకోవడం నావల్ల కాదు.

కింద ఊళ్లో ఒక లాయరమ్మను కలిశాను. చిన్నపిల్లలా ఉంది గానీ నోరు మంచిది. ట్రిబ్యునల్లో కేసు వేస్తున్నాం. టీకా తప్పని కాదు, ఆర్డరు తప్పని కూడా కాదు. నాకు దారి చూపించకుండా గేటు వేశారని.

పిచ్చుక


హెడ్డాఫీసు
మే 9

చెల్లీ,

శాఖ మీద కేసు వేశావని మా సూపరింటెండెంటు నోట విన్నాను. సెక్షన్ అంతా నా మొహమే చూశారు. తల కొట్టేసినట్టయింది. తినే కంచాన్ని కాలితో తన్నినట్టు, పనిచేసే ఆఫీసు మీదకు లాయర్లను తోలడం మన ఇంటావంటా ఉందా? పిన్ని అయినా చెప్పలేదా నీకు?

నామాట విని కేసు వెనక్కి తీసుకో. ఒక్క మెట్టు దిగితే కొంపేమీ మునగదు. పదహారేళ్లు నేను దిగే ఉన్నాను, చచ్చిపోలేదుగా.

సవరించిన లిస్టు నిన్న టైపు చేశాను. ఎలా ఉందో నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పను.

అక్క


కొండ మీది పంపింగ్ స్టేషన్
జులై 11

అక్కా,

రెండు నెలలు నీకు జవాబు రాయలేదు. రాయాలనిపించలేదు. ఇప్పుడు రాయక తప్పదు.

ముందు మంచి మాట. జూన్‌లో పరీక్ష అయింది. పెద్దాసుపత్రిలోనే టీకా వేశారు, గంటసేపు కూర్చోబెట్టి చూశారు. చెయ్యి నొప్పి తప్ప ఏమీ కాలేదు. సర్టిఫికెట్ ఇచ్చి ఉద్యోగంలో చేరాను. మిగిలింది ఆ ఎర్రగీతల గొడవ ఒక్కటే.

మొన్న గురువారం వాయిదా. ఆర్డరును నోటీసు బోర్డులో పెట్టాం, అందరూ చదివారు, ఈమెకు తెలియదంటే కుదరదని శాఖ లాయరు ఫోటో చూపించాడు. జడ్జిగారు ఫోటో వద్దు, అసలు కాగితం తెమ్మన్నారు. అసలు కాగితం ఊడి రాదు కదా. అందుకని బోర్డునే జీపులో వేసుకుని తెచ్చారు, పక్కన రిటైరైన బంక తాతను కూర్చోబెట్టుకుని. కోర్టు హాల్లో బోర్డును బల్ల మీద పడుకోబెట్టి, తాత తడిగుడ్డ వేసి, అరగంట నానబెట్టి, ఓపిగ్గా ఒలిచాడు. కాగితం వెనక వైపు కూడా ప్రింటుంది. తడికి అక్షరాలు అలుక్కుపోయాయి కాబట్టి జడ్జిగారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివారు. ఆరో క్లాజు: వైద్య కారణాలు ఉన్నవారు ఇరవై ఒక్క రోజుల్లోగా మెడికల్ బోర్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు, తేలేవరకు వారిని ఆపరాదు.

హాలంతా నవ్వింది. తాత మాత్రం నవ్వలేదు. చేతులు కట్టుకుని, నాకు చదువు రాదు బాబూ, ఒకవైపు అతికించమన్నారనుకున్నాను అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కేసు గెలిచేశామనుకున్నాను. అప్పుడు శాఖ లాయరు మీ డిస్పాచ్ రిజిస్టరు తీశాడు. మార్చి ఇరవై రెండున నీ నుంచి నాకు 'వ్యక్తిగతం, ఒకటి'. ఆర్డరు టైపు చేసిన మనిషి, స్వయానా అక్క, గడువు ఉండగా ఈమెకు ఉత్తరం రాసింది, బోర్డు సంగతి ఎలా ఉన్నా ఈమెకు ఆరో క్లాజు ముందే తెలుసు అన్నాడు. జడ్జిగారు ఆలోచించి, ఆ అక్కను పిలిపించండి, ఏం రాసిందో ఆమే చెబుతుంది అన్నారు. నీకు సమన్లు వస్తాయి.

ఆరో క్లాజు నీ చేతుల మీదుగా టైపయింది. దారి ఉందా అని నేను అడిగింది నిన్నే. మళ్లీ అడగను.

ఆ ఉత్తరం కోర్టులో వేస్తే చాలు, మనం గెలిచినట్టేనని మా లాయరమ్మ నా వెంట పడింది. మా అక్క ఉత్తరం నేను కోర్టుకెక్కించను అన్నాను. ఇదిగో, ఈ కవరులోనే పెడుతున్నాను. నీ ఉత్తరం నీకే. ఉంచుకుంటావో చించేస్తావో, అక్కడ ఏం చెబుతావో, నీ ఇష్టం.

పిచ్చుక


హెడ్డాఫీసు క్వార్టర్స్
జులై 19

పిచ్చుకా,

ఇది ఇంటి దగ్గర రాస్తున్నాను, పోస్టు డబ్బాలో వేస్తాను. సంచిలో వేయను.

నా ఉత్తరం నాకు తిప్పి పంపి ఎంత పెద్దమనిషివి అయిపోయావే. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. నువ్వు తిట్టవు. చిన్నప్పటి నుంచీ ఇంతే, మంచితనం కూడా నీకే రావాలి.

అడగనన్నావు కాబట్టి చెబుతాను. బంక తాత కాగితం నిండా పూశాడని నువ్వు రాసింది చదివి ముందు నవ్వాను. తర్వాత వెనక పేజీ గుర్తొచ్చింది. ఇంకా పద్నాలుగు రోజుల గడువుంది. 'కాగితం వెనక చూడు, ఆరో క్లాజు ఉంది' అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. పెన్ను తీసి కూర్చున్నాను. ఎదురుగా ఆ కుర్చీ కనబడుతోంది. బంగారు తల్లీ అని మొదలుపెట్టాను, ఆ వాక్యం రాయకుండా ముగించాను. పంపాక వెళ్లి టీ తాగాను. ఆ పద్నాలుగు రోజులూ క్యాలెండరు వంక చూడకుండా చూశాను.

ఈ ఉద్యోగం పరీక్షకు నీకు నోట్సు ఎవరిచ్చారు? ఏడాది పాటు ఉద్యోగం లేకుండా కూర్చుని నేను రాసుకున్న నోట్సు అవి. నువ్వు వేసవి సెలవులకు వచ్చి రెండు నెలలు చదివి నాపైన నిలబడ్డావు. ఫలితాలు వచ్చిన రోజు మా అమ్మ, కన్నతల్లి, వాకిట్లో నిలబడి పక్కింటామెతో ఏమందో తెలుసా? "మా పెద్దది నేర్పింది, చిన్నది దాటేసింది" అంది, మురిసిపోతూ. నేర్పినందుకు నన్ను మెచ్చుకున్నాననే అనుకుంది. నేను లోపల తలుపు వెనక ఉన్నాను. అప్పటి నుంచీ లిస్టు టైపు చేసిన ప్రతిసారీ ఆ మాటే వినబడుతుంది. నువ్వు నాకేమీ చేయలేదు. ఏదైనా చేసి ఉంటే బాగుండేది, కోపమన్నా వచ్చేది. అసూయకు మాత్రం ఎదుటివాళ్ల తప్పు అక్కర్లేదు.

నిన్న సూపరింటెండెంటు పిలిచి కూర్చోమన్నాడు. పదకొండేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదలు. "ఉత్తరంలో ఆరో క్లాజు సంగతి రాశానని చెప్పమ్మా. ఆ ఉత్తరం ఎలాగూ కోర్టులో ఎవరూ వేయలేదు కదా" అన్నాడు. తర్వాత లేచి, కుర్చీ వెనక్కి జరిపి, బీరువా తాళం ఎలా పడుతుందో చూపించాడు. కొంచెం పైకెత్తి తిప్పాలట. నేను ఎత్తి తిప్పాను. తెరుచుకుంది.

నువ్వు పంపిన ఉత్తరం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఏం చేస్తానో నాకే తెలియదు. నా మీద ఆశ పెట్టుకోకు.

అక్క


హెడ్డాఫీసు క్వార్టర్స్
ఆగస్టు 2

పిచ్చుకా,

కోర్టులో నీతో మాట్లాడకుండా వచ్చేశాను. నువ్వు మెట్ల దాకా పరిగెత్తుకు రావడం చూశాను. ఆటో ఎక్కేశాను.

ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు రాశానని చెబుదామనే అనుకున్నాను. అబద్ధం కాదు, నిజంగా అలాగే అనుకున్నాను. బోనులో నిలబడితే ఎదురుగా నువ్వు, నేను అల్లిన స్వెట్టరు వేసుకుని, ఎండాకాలంలా ఉక్కపోస్తుంటే కూడా. నువ్వు నా వంక బతిమాలుతున్నట్టు చూసి ఉంటే అబద్ధం సులువుగా వచ్చేది. నువ్వు అలా చూడలేదు. ఏం చెప్పినా ఫరవాలేదన్నట్టు చూశావు. అది నేను భరించలేకపోయాను. ఇంత మంచిది ఇదొక్కతే ఎందుకవ్వాలి అనిపించింది. బ్యాగు తెరిచి ఉత్తరం తీసి ఇచ్చాను.

తర్వాతది నువ్వూ విన్నావు. తెలిసి కూడా ఎందుకు రాయలేదని జడ్జిగారు అడిగారు.

"అసూయ సార్" అన్నాను.

టైపు చేసే అమ్మాయి ఆగిపోయి, ఏమని కొట్టమంటారు సార్ అంది. "ఆమె చెప్పిందే కొట్టమ్మా" అన్నారాయన. ఆ నాలుగు కీల చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది.

నాకు చార్జి మెమో వచ్చింది. ప్రమోషను లిస్టు నుంచి ఈ ఏడాదికి పేరు తీసేశారు. ఆ సవరణ కూడా నేనే టైపు చేశాను. సూపరింటెండెంటు ఇప్పుడు నన్ను కూర్చోమనడం లేదు. అమ్మకు చెప్పాను. "నేనేదో అన్నానంటున్నావు, నాకు గుర్తే లేదే" అంది. అంతే.

నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం రాయకు. నేను నిజం చెప్పింది నీ మీద ప్రేమతో కాదు. అక్కడ కూడా నువ్వే పైన ఉండటం చూడలేక చెప్పాను. అయినా నువ్వే పైన ఉన్నావు. నా ఉత్తరం నువ్వు బయటపెట్టలేదు, నేనే బయటపెట్టుకున్నాను. ఇంకేం మిగిలింది నాకు, నువ్వు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే రోజూ చూసుకోవడానికి?

అక్క


కొండ మీది పంపింగ్ స్టేషన్
ఆగస్టు 16

అక్కా,

తీర్పు వచ్చింది. ఉద్యోగుల్ని టీకా వేయించుకోమనే అధికారం శాఖకు ఉంది, అందులో తప్పులేదన్నారు. కానీ వెనక పేజీ కనబడకుండా అతికించిన కాగితం నోటీసు కిందికి రాదన్నారు. నా ఎర్రగీతలన్నీ డ్యూటీ కింద రాయాలి, సీనియారిటీ యథాతథం. డిసెంబరులో వస్తున్నాను.

మెచ్చుకోవద్దన్నావు కాబట్టి మెచ్చుకోను. నీ చార్జి మెమోకు జవాబు రాయడానికి మా లాయరమ్మ సాయం చేస్తానంది. అది వేరే సంగతి.

నీకు ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఉండిపోదామని పది రోజులు చూశాను. చెప్పకపోతే నువ్వు నన్ను దేవతను చేసేసి బతికినంతకాలం నాతో పడి చస్తావు. అందుకని రాస్తున్నాను.

ఆ ఉత్తరం నీకు తిప్పి పంపే ముందు కింద ఊళ్లో రెండు జిరాక్సులు తీయించాను. ఒకటి లాయరమ్మ ఫైలులో ఉంది. కోర్టుకెక్కించనని నీకు రాసిన రోజే, మా అక్క అబద్ధం చెబితే మాత్రం లేచి నిలబడి అది చదివి వినిపించమని ఆమెకు చెప్పాను. నువ్వు బోనులో నిలబడినప్పుడు ఆమె చెయ్యి ఆ ఫైలు మీదే ఉంది. ఏం చెప్పినా ఫరవాలేదన్నట్టు నేను చూశానన్నావు. నిజంగానే ఫరవాలేదు. ఎటు చెప్పినా గెలిచేది నేనే.

అసలు తిప్పి ఎందుకు పంపానంటే, నువ్వు దాన్ని చించేస్తావని. చించేసి, అబద్ధం చెప్పి, అందరి ముందు దొరికిపోవాలని. గేటు బయట బెంచీ మీద కూర్చున్న రోజులు తలుచుకుంటే నా మనసులో ఉన్నది అదే. స్వెట్టరు కూడా అందుకే వేసుకొచ్చాను.

నువ్వు చించలేదు. అసూయ అన్న మాట కోర్టు హాల్లో అందరి ముందు ఒప్పుకున్నావు. నేను మెట్ల దాకా పరిగెత్తుకొచ్చింది ఇది చెప్పడానికే. నువ్వు ఆటో ఎక్కేశావు, నాకు లోలోపల హాయిగా అనిపించింది, చెప్పే పని తప్పిందని.

రెండో జిరాక్సు ఇందులో పెడుతున్నాను. ఈసారి మాత్రం నా దగ్గర ఇంకోటి లేదు. నమ్మితే నమ్ము.

నీ పిచ్చుక